చోటు మారిన గుర్తులు

ఏసుపాదం గారు పనిచేసే కంప్యూటరు తెరకు కింది అంచున వరసగా ఏడు బొట్టుబిళ్ళలు అంటించి ఉండేవి. మూడు ఎర్రవి, రెండు మెరూను రంగువి, ఒకటి నల్లది, చివరిది ఆకుపచ్చది. రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలోని మురళీకృష్ణ గారి ప్రెస్సుకు శుభలేఖల కోసం వచ్చేవాళ్ళు వాటిని చూసి, దసరా నాడు యంత్రానికి చేసిన అలంకారం కాబోలు అనుకునేవారు. ప్రతి ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని లూథరన్ చర్చిలో రెండో వరస బల్ల మీద కూర్చునే మనిషి కంప్యూటరుకు బొట్లు పెట్టుకున్నాడేమిటని ఆయనను ఎరిగినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఎవరైనా అడిగితే, "మా వరహాలక్ష్మి సరదాకి అంటించిందండి, పీకెయ్యడానికి మనసొప్పలేదు" అని నవ్వేసేవారు.

అసలు సంగతి ప్రెస్సులో ఇద్దరికే తెలుసు. ఒకరు బైండింగు దగ్గర కాగితాలు మడతపెట్టే ఆ వరహాలక్ష్మి, రెండోవాణ్ణి నేను. ఏసుపాదం గారికి చూపు పోతోంది. మూడేళ్ళ కిందట చర్చి ఆవరణలో పెట్టిన కంటి శిబిరంలో ఆయనకు గ్లాకోమా, అంటే నీటికాసుల జబ్బు ఉందని చెప్పి, జీవితాంతం వేసుకొమ్మని చుక్కల మందు రాసి ఇచ్చారు. మూడు నెలలు వేసుకున్నారు. నొప్పి లేదు, దురద లేదు, మంట లేదు. లేని బాధకు మందేమిటని మానేశారు. ఆ జబ్బు స్వభావమే అంత. అది చప్పుడు చేయకుండా చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. ఇప్పుడు ఆయనకు కళ్ళెదుట పైభాగమంతా పొగమంచు. కింది భాగం మాత్రం కొంత నయం. తెర అడుగున ఉండే చిన్నచిన్న బొమ్మల్లో ఏది ఏదో పోల్చుకోలేక, ఒక్కొక్క బొమ్మ కింద ఒక్కొక్క బిళ్ళ గుర్తు పెట్టుకున్నారు. నల్లబిళ్ళ పైన నొక్కితే అక్షరాలనూ బొమ్మలనూ అమర్చి పేజీలు కట్టే ప్రోగ్రాము, ఆకుపచ్చ దాని పైన నొక్కితే ప్రింటరు.

ఆయన వయస్సు యాభై ఎనిమిది. ఆ కుర్చీ తప్ప ఆయనకు వేరే విద్య తెలియదు, దాని నుంచి లేపేస్తే మరొకచోట కూర్చోబెట్టే వాళ్ళు లేరు. "ఇంట్లో మా ఆవిడ దేవకుమారికి కూడా చెప్పలేదు మాస్టారండీ. కుర్చీ పోతే ఇంక నన్నెవరు పిలుస్తారు?" అన్నారు ఒకనాడు. తెలియనివ్వనని మాట ఇచ్చాను. ఆ మాట ఇవ్వడమే నేను చేసిన మొదటి తప్పు.

నా సంగతి రెండు వాక్యాల్లో చెప్పి తప్పుకుంటాను. ముప్పై నాలుగేళ్ళు పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. ఆరేళ్ళుగా ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఏకవచన కర్తకు బహువచన క్రియను అంటగట్టిన శుభలేఖ నా చేతుల మీదుగా ఇంతవరకు బయటికి పోలేదు. ఇది గర్వమంటే గర్వమే.

ఏసుపాదం గారు చూడకుండా పనిచేయడం ఎలా నేర్చుకున్నారో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మురళీకృష్ణ గారి తండ్రి చంద్రరావు గారి హయాంలో, పదిహేనో ఏట, ఆయన సీసపు అక్షరాల కంపోజిటరుగా చేరారు. గళ్ళు గళ్ళుగా ఉండే పెద్ద చెక్క కేసు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరం. తెలుగు ఒత్తులూ గుణింతాలూ కలిసి ఎన్ని గళ్ళవుతాయో ఊహించుకోండి. చూపు రాతప్రతి మీద, చెయ్యి కేసు మీద. ఏ గడిలో ఏ అక్షరముందో చేతికి తెలిసినంతగా కంటికి తెలియదు. కరెంటు పోయినా కంపోజింగు ఆగేది కాదని ఆయన చెబుతుంటే అతిశయోక్తి అనుకునేవాణ్ణి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, సీసం తూకానికి వెళ్ళిపోయింది. కానీ ఏసుపాదం గారు కంప్యూటరును కూడా ఒక కేసుగానే నేర్చుకున్నారు. ఫలానా పని ఎడమ మూలన, ఫలానాది కింది నుంచి రెండో గడి. అక్కడ ఏమి రాసి ఉందో చదవవలసిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

ఇందులో వింతేమీ లేదు. నేను చిన్నతరగతులకు చెప్పిన రెండేళ్ళలో ఒకసారి వాచకం మారింది. పాత పుస్తకంలో 'ఊ' పక్కన ఉయ్యాల మంచం లాంటి ఊయల బొమ్మ ఉండేది. కొత్తదానిలో ఊడుపుల బొమ్మ వేశారు. అంతే, మొన్నటిదాకా గడగడా చదివిన పిల్లల్లో సగంమంది నోరు మూతపడింది. వాళ్ళకు వచ్చింది అక్షరం కాదు, ఊయల. ఆ సంగతి కనిపెట్టనందుకు ఇన్‌స్పెక్టరు గారు నన్ను మందలించారు. మందలింపు న్యాయమే. అది అలా ఉంచండి.

పోయిన కార్తీక మాసంలో ఒక సోమవారం ఉదయం ప్రెస్సు తెరిచేసరికి రెండు కంప్యూటర్లూ కొత్త ముఖాలతో ఉన్నాయి. సర్వీసు చేసే ఆయన ఆదివారం వచ్చి, పాత సిస్టమ్‌కు కాలం చెల్లిందని, కొత్తది ఎక్కించి వెళ్ళారు. లోపల ఏమి మారిందో నాకు తెలియదు; పైకి మాత్రం మూలలన్నీ గుండ్రబడ్డాయి. గీతలు పోయాయి. ఒక కిటికీ ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో చెప్పే నీలిరంగు పట్టీ పోయి, తెలుపు మీద తెలుపు పరుచుకుంది. ఎడమ మూలన ఉండవలసిన బొమ్మలన్నీ వచ్చి అడుగున నడిమధ్య గుమికూడాయి.

మురళీకృష్ణ గారికి చాలా నచ్చింది. "చూడండి మాస్టారూ, అద్దంలా ఉంది. మన ప్రెస్సు పదేళ్ళు చిన్నదైపోయింది!"

రెండో కంప్యూటరు మీద రంగుల అట్టలు తయారుచేసే సారిక మాత్రం వచ్చీరాగానే గొడవ మొదలుపెట్టింది. ధవళేశ్వరం నుంచి రోజూ బస్సులో వస్తుంది. మనసులో ఉన్నది పైకి అనేయడం ఆమె అలవాటు. "ఇదేంటండీ బాబూ! ఎవరో నా వంటిల్లు సర్దేసినట్టుంది. కాపీకి మాట తీసేసి బొమ్మ పెట్టాడు, కట్‌కీ బొమ్మే, డిలీట్‌కీ బొమ్మే! చదువుకున్నవాళ్ళకి బొమ్మలెందుకండీ?"

"నీకలవాటైపోతుందమ్మా, నాలుగు రోజులు ఓపిక పట్టు" అన్నారు మురళీకృష్ణ గారు.

"అలవాటయ్యేదాకా జీతం రెట్టింపిస్తారేంటండీ?"

"అత్తారింటికి వెళ్ళిన కొత్తలో కూడా ఇలాగే అన్నావా?" అని వరహాలక్ష్మి అందుకుంది.

"అక్కడ కనీసం స్టవ్ ఎక్కడుందో చూపించారు వదినా."

అందరూ నవ్వారు. ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. బాగుందన్నవాళ్ళు, బాగాలేదన్నవాళ్ళు, పాతదే నయమన్నవాళ్ళు. ఏసుపాదం గారు మాత్రం చెయ్యి మౌసు మీద పెట్టుకుని, తెర కింద ఎడమ మూల మొదటి ఎర్రబిళ్ళకు ఎదురుగా నొక్కుతున్నారు. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ నొక్కారు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక వరహాలక్ష్మి కొంగు ముడి విప్పి కొత్త బిళ్ళల అట్ట తీసింది. "అన్నయ్యా, మధ్యకి జరిగాయి కదా, బొట్లు కూడా మధ్యకి జరిపేద్దాం. దీనికింత దిగులేంటి?"

జరిపారు. నేను ఒక్కొక్క బొమ్మ పేరు చదివాను, ఆమె ఒక్కొక్క బిళ్ళ అంటించింది. ఏసుపాదం గారు ఊపిరి తీసుకుని నల్లబిళ్ళ పైన నొక్కారు. పేజీలు కట్టే ప్రోగ్రాము తెరుచుకుంది. అది తెరుచుకోగానే వరసలో మరొక బొమ్మ చేరింది. ఆ బొమ్మకు చోటు ఇవ్వడానికి తక్కినవన్నీ అర అంగుళం ఎడమకు జరిగాయి. ఇంకొకటి తెరిస్తే ఇంకొంచెం జరిగాయి. బిళ్ళలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

"కుదురుగా ఉండవేంటే మీరు!" అని వరహాలక్ష్మి తెరను కసిరింది.

పాతలాగే ఎడమ పక్కన పెట్టుకునే ఏర్పాటు అందులో ఉంటుందేమో సారికను అడుగుదామన్నాను. ఏసుపాదం గారు నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దండి. అడిగితే, ఎందుకు బాబాయ్ గారూ అంటుంది. ఎందుకో చెప్పాలి. ఆ పిల్ల మంచిదే, కానీ మాట లోపల దాచుకోలేదండి."

అది మొదలు నా ఉద్యోగం మారిపోయింది. నా కుర్చీని ఆయన పక్కకు జరుపుకున్నాను. చేతిలో ప్రూఫు కాగితం పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తూ, పెదవులు కదపకుండా "కుడికి... ఇంకొంచెం... ఆఁ, అదే" అని గొణిగేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు పరీక్ష హాళ్ళలో, పక్కవాడికి ఇలా అందించే పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ణి. ఆయన కొట్టిన మేటరులో పొరపాట్లు పెరిగాయి. మునుపు పేజీకి రెండో మూడో ఉండేవి. ఇప్పుడు పది, పన్నెండు. ఎర్రసిరాతో గుర్తులు పెడితే మురళీకృష్ణ గారి కంట పడతాయని, సాయంత్రాలు సారిక వెళ్ళాక నేనే ఆయన కీబోర్డు దగ్గర కూర్చుని ఒక్కొక్క వేలితో దిద్దేవాణ్ణి. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన. రేపు ఏమి జరుగుతుందో, ఎవరు ఏది గమనిస్తారో అని.

ఒకసారి ఫైలు పేరు మార్చబోయి ఆయన డిలీట్ నొక్కారు. పాత జాబితాలో అన్నీ మాటలే, పేరు మార్చేది కింది నుంచి రెండోది. ఇప్పుడు మాటలు లేవు, పక్కపక్కన పేర్చిన బొమ్మలున్నాయి. ఆ ఫైలు కంప్యూటరు చెత్తబుట్టలో దొరికేదాకా ఇద్దరం వెతుకుతూనే ఉన్నాం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోల్డర్లు ఒక ఎత్తు. పాత సిస్టమ్‌లో ఫోల్డరు బొమ్మ కొంచెం తెరిచి ఉండి, లోపలి కాగితం తొంగిచూసేది. పసుపూ ఎరుపూ తొంగిచూస్తే శుభలేఖలు, తెలుపూ నలుపూ తొంగిచూస్తే పెద్దకర్మ కార్డులు. ఆ రంగుల మరకలను బట్టి ఆయన పోల్చుకునేవారు. కొత్తదానిలో ఫోల్డర్లన్నీ తలుపులు మూసుకున్నాయి. అన్నీ ఒకే పసుపు. పేర్లు చదివితే తప్ప శుభమేదో అశుభమేదో తెలియదు.

పదకొండో రోజున, గురువారం, నేను ప్రెస్సు నుంచి మధ్యలో వెళ్ళవలసి వచ్చింది. పింఛను తీసుకునేవాళ్ళం బతికే ఉన్నామని ఏడాదికొకసారి రుజువు చేసుకోవాలి. ఆ వేలిముద్ర యంత్రం నా వేలిని గుర్తుపట్టనని మొరాయించి పూట తినేసింది. ఆ ఉదయమే ఒక పెద్దకర్మ కార్డు పని వచ్చింది. చనిపోయినవారు వీరబ్రహ్మం గారు, తలుపులు చెక్కడంలో పేరున్న పెద్ద వడ్రంగి. వారి అల్లుడు అచ్చిబాబు ప్రెస్సులోనే కూర్చున్నారు. మధ్యాహ్నానికి మూడు వందల కార్డులు చేతికివ్వాలి. మేటరు రాతప్రతిని నేను వెళ్ళేముందు చూసి సంతకం పెట్టాను. ఇలాంటి కార్డులకు పైన శీర్షికా దీపపు బొమ్మా ఎప్పుడూ ఉండేవే కనుక, పేజీ ప్రూఫు చూసే అలవాటు లేదు. అలవాటును నమ్ముకోవడంలో నేనూ ఏసుపాదం గారికి తీసిపోలేదన్నమాట.

నేను తిరిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా లోపలి గదిలోంచి వరహాలక్ష్మి గొంతు వినిపించింది.

"అయ్యబాబోయ్! పోయినాయనకి పెళ్ళేంటండీ!"

ఆమె చేతిలో కత్తిరించిన మొదటి కార్డుల కట్ట ఉంది. నల్లసిరాతో, సన్నని గీతల అక్షరాల్లో, కార్డు నెత్తిన 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు'. రెండు పక్కలా అరటిచెట్లు. కింద, 'మా తండ్రిగారైన కీర్తిశేషులు వీరబ్రహ్మం గారి పెద్దకర్మ...' ఏసుపాదం గారు శుభలేఖల ఫోల్డరు తెరిచి, అందులోని మేటరు తీసేసి కొత్త మేటరు పెట్టారు. నెత్తిన ఉన్నదాన్ని ఆయన చూడలేదు. అక్కడ ఎప్పుడూ ఉండేదే ఉంటుందనుకున్నారు.

మురళీకృష్ణ గారు మూడంగల్లో లోపలికి వచ్చి, కార్డుల మీద చెయ్యి అడ్డం పెట్టి, గుమ్మం వైపు తిరిగి మామూలు గొంతుతో, "అచ్చిబాబు గారూ, కటింగు సరిగ్గా రాలేదండి. ఒక గంట పడుతుంది. ఈలోగా టీ తాగి రండి" అన్నారు. అచ్చిబాబు గారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఒక కార్డు తీసి ఏసుపాదం గారి చేతిలో పెట్టారు.

"ఇందులో పైన ఏముందో చదవండి."

ఏసుపాదం గారు లేచి నిలబడ్డారు. కార్డును పట్టుకున్నారు గానీ దాని వైపు చూడలేదు. బడిలో అప్పజెప్పేవాడిలా ఎదురుగా గోడకేసి చూస్తూ, "పెద్దకర్మ ఆహ్వానమండి" అన్నారు.

సారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అన్నారు మురళీకృష్ణ గారు. ఆ ప్రశ్న ఏసుపాదం గారిని అడిగినా, చూపు నా మీద ఉంది. "మాస్టారూ, మీకు తెలుసా?"

తెలుసన్నాను.

"బాగుందండి. ఆ కార్డు ఇంటింటికీ వెళ్ళి ఉంటే? పోయినాయన భార్య చేతిలో పడి ఉంటే?" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆ ముఖంలో. "ఏసుపాదం గారూ, మీరు నన్ను ఎత్తుకుని ఆడించినవారు. పొమ్మనడానికి నాకు నోరు రాదు. కానీ చూసీ చూడనట్టు ఊరుకోలేను. కంటి డాక్టరుకి చూపించుకుని, మీ చూపు ఈ పనికి సరిపోతుందని కాయితం తెండి. తెస్తే కుర్చీ మీది. తేకపోతే... ఆ తర్వాత నన్నేమీ అనుకోకండి."

రాజమండ్రిలో డాక్టరు దగ్గర తెలిసినవాళ్ళు తగులుతారని ఏసుపాదం గారు కాకినాడ వెళదామన్నారు. శనివారం ఉదయం ఇద్దరం కాలవ రోడ్డు మీదుగా వెళ్ళే బస్సెక్కాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. కడియం దగ్గర నర్సరీల బంతి మొక్కలు కనిపించాయా అని అడిగితే కనిపించాయన్నారు. ద్వారపూడి వచ్చిందా అని ఆయన నన్ను అడిగారు. పెద్ద బోర్డు అప్పుడే ఆయన ముందునుంచే దాటిపోయింది. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన అనుకున్నాను. కాదు. కంటిశిబిరంలో గోడకు వేలాడదీసిన అక్షరాల చార్టు ఆయనకు కంఠస్థమట, మననం చేసుకుంటున్నారు.

"తప్పండీ" అన్నాను.

"తప్పేనండి. కానీ కాయితం కావాలి కదండీ."

అక్కడ చార్టుతో సరిపెట్టలేదు. డాక్టరమ్మ కళ్ళలో దీపం వేసి చూసి, చూపు ఎంతమేర పోయిందో కొలిచే పరీక్ష చేయించమన్నారు. చీకటిగదిలో ఒక పెద్ద తెల్లని గిన్నె లాంటి యంత్రం. గడ్డం దాని అంచున ఆనించి, ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న చుక్క వైపే చూడాలి. చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి మిణుగురుల్లా వెలుగులు వస్తాయి. వెలుగు కనిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. అంతే.

నేను గది బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు పూర్తిగా మూసుకోలేదు. లోపలి నుంచి మీట చప్పుడు వినిపిస్తోంది. టిక్, టిక్, టిక్. ఎక్కడా తడబాటు లేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ద్వారపూడి బోర్డు చూడలేని మనిషికి ఇన్ని వెలుగులు ఎలా కనిపిస్తున్నాయి?

పావుగంటకు పరీక్ష చేసే అమ్మాయి బయటికి వచ్చి, కాగితం చూసుకుంటూ, "అంకుల్, ఇది చెల్లదండి. మళ్ళీ చెయ్యాలి" అంది.

వెనకే వచ్చిన ఏసుపాదం గారి ముఖం వాడిపోయింది. "ఏమ్మా? ఒక్కటి కూడా వదల్లేదే!"

"అదేనండి. వెలుగు వెయ్యకుండా మిషను మధ్యమధ్యలో ఊరికే ఆగుతుంది. అప్పుడు కూడా నొక్కేశారు. పది నిమిషాలు కూర్చుని, కాఫీ తాగి రండి."

ఆమె వెళ్ళిపోయాక ఆయన నా పక్కన కూలబడ్డారు. కాసేపటికి, ఎవరూ వినకుండా, "లోపల మోటారు గుర్రుమంటుంది మాస్టారండీ. ఆ చప్పుడు రాగానే వెలుగొస్తుంది. రెండు నిమిషాల్లో లయ చేతికి పట్టేసింది. ఇంక కంటితో పనేముంది?" అన్నారు. ఆ గొంతులో, అంత దిగులులోనూ, కొంచెం పనితనపు గర్వం ఉంది. నలభై ఏళ్ళ చెయ్యి కదా.

"ఈసారి కనిపిస్తేనే నొక్కండి."

"కనిపిస్తేనే నొక్కితే కుర్చీ ఉండదండి."

"కనిపించకపోయినా నొక్కితే మందు ఇవ్వరు. మందు లేకపోతే ఏడాదికో రెండేళ్ళకో ఉన్న కాస్తా పోతుంది. అప్పుడు కుర్చీ ఉండి ఏం చేస్తారు?"

"మీరే కదండీ ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని అందించింది! ఇప్పుడు నీతులు చెబుతారా?"

ఆయన అన్నది నిజమే. "అందించి మీకు ద్రోహం చేశానండి. ఆ పదకొండు రోజులూ నేను నోరు మూసుకుని ఉంటే, మొదటి రోజే మీరు ఇక్కడికి వచ్చి ఉండేవారు. ఆ రహస్యం దాస్తానని మాట ఇవ్వకపోయి ఉంటే ఇంకా ముందే వచ్చేవారు. అప్పుడు ద్వారపూడి బోర్డు కనిపించేదేమో."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచిందే తుడిచారు. ఎదురుగా ఒక ముసలమ్మ కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని మెట్లు దిగుతోంది. ఒక్కొక్క మెట్టుకూ ఎంత దూరమని అడుగుతోంది, ఆ పిల్ల చెబుతోంది. ఏసుపాదం గారు ఆ గొంతులు దూరమయ్యేదాకా విన్నారు. తర్వాత లేచి, ఎవరూ పిలవకుండానే, ఆ గదిలోకి వెళ్ళారు.

ఈసారి తలుపు ఆ అమ్మాయి దగ్గరగా వేసింది. నేను తలుపుకు దగ్గరగా జరిగాను. టిక్. చాలాసేపు నిశ్శబ్దం. టిక్, టిక్. మళ్ళీ నిశ్శబ్దం, ఈసారి మరింత పొడుగు. లోపల మోటారు గుర్రుమంటూనే ఉంది, నాకు కూడా వినిపిస్తోంది. అయినా మీట మోగడంలేదు. లయ తెలిసి, చెయ్యి సిద్ధంగా ఉండి, నొక్కకుండా ఆపుకోవడం ఎంత కష్టమో ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే తెలుస్తుంది. రెండు కళ్ళకూ కలిపి ఇరవై నిమిషాలు. నా ఉద్యోగ జీవితంలో నేను కాపలా కాసిన ఏ పరీక్షా అంత పొడుగ్గా లేదు.

రిపోర్టులో రెండు గుండ్రని పటాలు. కనిపించినచోట తెలుపు, కనిపించనిచోట నలుపు. రెండిటికీ పైసగం కారు మబ్బు పట్టినట్టుంది. ఆయన దానిని నా చేతికిచ్చి, "చదవండి మాస్టారండీ. ఏదీ దిద్దకుండా చదవండి" అన్నారు. చదివాను. డాక్టరమ్మ చెప్పినదీ అదే: పోయింది పోయింది, చుక్కల మందు రెండు పూటలా వేసుకుంటే ఉన్నది చాలాకాలం నిలబడవచ్చు, మూడు నెలలకొకసారి రావాలి. పెద్ద అక్షరాలైతే పని చేసుకోవచ్చు, చిన్నవి కష్టం. ప్రెస్సు పనికి సరిపోతుందని రాసివ్వమని ఏసుపాదం గారు అడగలేదు. ఆమె రాయనూ లేదు. మందులషాపు ముందు ఏసుపాదం గారు దేవకుమారి గారికి ఫోను చేసి, అరగంట మాట్లాడారు. నేను దూరంగా నిలబడ్డాను.

సోమవారం ఆయన ఆ కాగితాన్ని స్వయంగా మురళీకృష్ణ గారి బల్ల మీద పెట్టారు. మురళీకృష్ణ గారు ఆ పటాలను అటూ ఇటూ తిప్పి చూశారు.

"అంటే సరిపోతుందనా, సరిపోదనా?"

"సగమండి" అన్నారు ఏసుపాదం గారు. "మొదటిసారి మోసం చేసి నొక్కాను. రెండోసారి నిజంగా నొక్కాను. ఇది రెండోదండి."

మురళీకృష్ణ గారు కాగితం మడిచి సొరుగులో పెట్టారు. బైండింగు గదిలో కాగితాల చప్పుడు ఆగిపోయింది. వరహాలక్ష్మి వింటోందని అందరికీ తెలుసు.

"పేజీలు సారిక కట్టనివ్వండి" అన్నారు మురళీకృష్ణ గారు. "కార్డులు, ఫోల్డర్లు, ప్రింటరు, అవేవీ మీరు ముట్టుకోవద్దు. మేటరు కొట్టండి. పొద్దుటే వచ్చి భోజనాల వేళకి వెళ్ళిపోండి. జీతం ఆ మేరకే ఉంటుంది మరి."

పేజీ కట్టడమంటే ఆ ప్రెస్సులో పెద్దరికం. ఏసుపాదం గారు ఒకసారి తన కుర్చీ వైపు తిరిగి మళ్ళీ ఇటు తిరిగారు. నేను నేలకేసి చూశాను.

"కొడతానండి" అన్నారు. "కానీ ఇదివరకులా కాదు. కనిపించనిది కనిపించలేదని చెబుతాను. రోజుకి పదిసార్లు అడుగుతాను. మీరు విసుక్కోకూడదు."

"విసుక్కుంటానండి. నాకలవాటే. మీరు మాత్రం అడగడం మానకండి."

ఏసుపాదం గారు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. తెర మీద అంతా తెలుపు మీద తెలుపు. చెయ్యి అలవాటుగా ఎడమ మూలకు వెళ్ళబోయి ఆగింది. ఆయన మౌసు వదిలేసి, గది అటు చివర ఉన్న సారిక వైపు తిరిగి, ప్రెస్సంతా వినిపించేటట్టు గట్టిగా అడిగారు.

"సారికమ్మా, స్టార్టు బటను ఇప్పుడెక్కడ పెట్టారమ్మా?"